ఇర్రం నుమా: నవాబుగారి తోట మహలు టీబీ ఆసుపత్రి అయిన కథ



నాలుగు నెలల క్రితం ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకుని మన ఓపీకి వచ్చింది. వాళ్ళది లంక గ్రామం. అబ్బాయి గల్ఫ్ వెళ్ళడానికి మాటలన్నీ అయిపోయాక మెడికల్‌కు వెళితే, ఎక్స్‌రేలో మచ్చ ఉందని అన్‌ఫిట్ చేశారట. ఇక్కడ తెమడ పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఆ తల్లి ఏడవలేదు, నాతో తగువు పెట్టుకుంది. "మాది లంకండి సిస్టరుగారూ. చుట్టూ గోదారి, కొబ్బరి తోటలు. పట్నంలో పొగ పీల్చేవాళ్ళకి రావాలి గానీ మావోడికెలా వస్తదండీ?" అంది. నేను చెప్పిందంతా విని, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. "పోనీ గాలి మార్పుకి ఎక్కడికైనా ఓ ఆర్నెల్లు పంపించేద్దునా? ఊళ్ళో తెలీకుండా కూడా ఉంటది" అంది.

గాలి మార్పు అనే ఆ మాట వినగానే నాకు ఎర్రగడ్డ గుర్తొచ్చింది. మన అమలాపురం, రాజోలు బస్సుల్లో హైదరాబాదు వెళ్ళి కూకట్‌పల్లి వైపు దిగేవాళ్ళలో చాలామంది తెల్లవారుజామున ఎర్రగడ్డ మీదుగానే వెళ్తారు. నిద్ర కళ్ళతో ఉంటారు గనుక రోడ్డు పక్కన ఏముందో చూసి ఉండరు. ఎర్రగడ్డ అనగానే నవ్వేవాళ్ళు కూడా ఉన్నారు, అక్కడ మానసిక చికిత్సాలయం ఉంది గనుక. ఎవరైనా తిక్కగా మాట్లాడితే "ఎర్రగడ్డకి పంపాలి" అంటారు. నర్సుగా నాకు ఆ హాస్యం నచ్చదు, ఆ సంగతి మరోసారి రాస్తాను. దాని దగ్గరలోనే ఛాతీ ఆసుపత్రి ఉంది. పాతవాళ్ళు ఇప్పటికీ టీబీ ఆసుపత్రి అనే అంటారు. ఆ ఆసుపత్రి ఒకప్పుడు ఒక నవాబుగారి తోట మహలు.

ఆయన పేరు నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ బహదూర్. నిజాం సంస్థానంలో పెద్ద ఉమ్రా, మంత్రి పదవులు చేసినవారు. 19వ శతాబ్దం చివరి దశకాల్లో హైదరాబాదు ప్రభువులకు ఊరి బయట, ఎత్తయిన చోట, గాలి వీచే చోట మహళ్ళు కట్టుకోవడం మీద మోజు ఎక్కువగా ఉండేది. సర్ వికారుల్ ఉమ్రా ఊరికి దక్షిణాన గుట్ట మీద ఫలక్‌నుమా కట్టించారు. 1884లో మొదలైన ఆ కట్టడానికి ఆస్తి కరిగిపోయేంత ఖర్చయిందనీ, చివరికి అది ఆరవ నిజాం చేతికి వెళ్ళిందనీ అందరూ ఎరిగిన కథే. సర్ ఆస్మాన్ జా తూర్పు వైపు గుట్ట మీద ఆస్మాన్‌గఢ్ కట్టించారు. మన ఫఖ్రుల్ ముల్క్‌గారు పంజాగుట్ట, ఖైరతాబాదుల మధ్య గుట్ట మీద ఇర్రం మంజిల్ కట్టించారు. అందులో నూట యాభైకి పైగా గదులు ఉండేవట. చుట్టూ పోలో మైదానం, గుర్రపు శాలలు, పాడి పశువుల సాలలు. విందులకూ వేడుకలకూ పేరుమోసిన ఇల్లు.

ఆ పేరుకు ఒక చక్కని కథ ఉంది. తెలుగువాళ్ళు ఆ గుట్టను ఎర్ర గుట్ట అనేవారు. పారసీలో ఇరం అంటే స్వర్గం లాంటి తోట. ఎర్ర అనే తెలుగు మాట చెవికి ఇరం లాగే ఉందని నవాబుగారు ముచ్చటపడి ఇంటికి ఆ పేరు పెట్టి, ఎర్ర రంగు కూడా వేయించారని చెప్పుకుంటారు. ఇప్పటికీ సగం మంది ఎర్రమంజిల్ అనీ, సగం మంది ఇర్రం మంజిల్ అనీ అంటారు. ఇద్దరిదీ తప్పు కాదు.

ఆ ఒక్క మహలుతో ఆయన ఆగలేదు. ఇంకా పడమరగా, బొంబాయి దారి మీద, అప్పటికి ఊరు ఊసే లేని ఎర్రగడ్డలో మరో తోట మహలు కట్టించారు. మొదటిది ఇర్రం మంజిల్ అయితే దీనికి ఇర్రం నుమా అని పేరు. అంటే స్వర్గంలా కనిపించేది అని అర్థం. ఎత్తయిన పైకప్పులు, కమానులు, పెద్ద తలుపులు, చుట్టూ చెట్లూ ఖాళీ నేలా. నగరం రద్దీ నుంచి వచ్చి ఊపిరి పీల్చుకోవడానికే కట్టుకున్న ఇల్లు.

ఇలా ఊరి బయటికి పోవడం ఒట్టి విలాసం అని నేను అనను. ప్రాకారం లోపల పాత నగరం ఇరుకు. మురుగు, జ్వరాలు ఎప్పుడూ ఉండేవి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఆ తర్వాత మూడేళ్ళకే ప్లేగు వచ్చింది. జనం ఇళ్ళు వదిలి బయట మైదానాల్లో డేరాలు వేసుకున్నారు. ఉన్నవాడు మహలు కట్టుకున్నాడు, లేనివాడు గుడిసెలోనే ఉన్నాడు. గాలి అందరిదీ అంటాం గానీ, మంచి గాలికి అప్పుడూ ఇప్పుడూ కూడా ఖరీదు ఉంది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఇర్రం నుమా చేతులు మారి క్షయ రోగుల ఆసుపత్రి అయింది. మిగతా మహళ్ళు ఏమయ్యాయో చూడండి. ఫలక్‌నుమా 2010 నుంచి హోటలు. ఆస్మాన్‌గఢ్ బడిగా మారింది. ఇర్రం మంజిల్‌లో ప్రభుత్వ ఆఫీసులు పెట్టారు. అన్నిటిలోకీ కష్టమైన పని ఇర్రం నుమాకే పడిందని నాకు అనిపిస్తుంది. అతిథుల కోసం కట్టిన ఇంటికి, చుట్టాలు కూడా చూడడానికి భయపడేవాళ్ళు వచ్చి చేరారు.

ఆ ఇంటినే ఎందుకు ఆసుపత్రి చేశారని మా స్టూడెంట్లు అడుగుతుంటారు. అప్పట్లో టీబీకి మందు లేదు. జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న టీబీ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించారు. మార్చి 24ను టీబీ దినంగా జరుపుకోవడం అందుకే. అయితే క్రిమి దొరికిన 60 ఏళ్ళ దాకా దాన్ని చంపే మందు దొరకలేదు. మందు లేకపోతే, తెమడలో క్రిములు పడుతున్న రోగుల్లో సుమారు సగం మంది ఐదేళ్ళలో పోయేవారు. అందుచేత వైద్యులకు మిగిలినవి మూడే: మంచి గాలి, బలమైన తిండి, పూర్తి విశ్రాంతి. ఆ మూడూ దొరికే చోటును శానిటోరియం అన్నారు. మన తెలుగునేల మీద మదనపల్లె దగ్గర పలు మిషన్లు కలిసి 1915లో స్థాపించిన ఆరోగ్యవరం అలాంటిదే. హైదరాబాదు వైపు వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో నిజాం కాలం నాటి శానిటోరియం ఉంది. అలాంటి పనికి ఊరి బయట, విశాలమైన ఆవరణలో గాలి ఆడే నవాబుగారి మహలు దొరికితే ఎవరు కాదంటారు?

నేను నర్సింగ్ చదువుతున్న రోజుల్లో మమ్మల్ని ఒక రోజు అక్కడికి తీసుకెళ్ళారు. కోనసీమ పిల్లనైన నాకు మహలు అనే మాట కథల్లోదే. లోపలికి అడుగుపెట్టగానే నేను మొదట చూసింది పైకప్పు. మెడ వెనక్కి వంచి చూడాల్సినంత ఎత్తు. మాతో వచ్చిన ట్యూటరుగారు "పైకి కాదు, మంచం పక్కన చూడండి" అని మందలించారు. ప్రతి మంచం పక్కనా తెమడ వేసుకోవడానికి మూత ఉన్న కప్పు ఉంది. మా టెక్స్ట్‌బుక్‌లో ఉన్న బొమ్మే. దాన్ని ఎలా పట్టుకోవాలి, అందులో ఏ మందు నీళ్ళు పోయాలి, ఎలా పారబోయాలి అన్నది ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పటికీ మన వార్డులో కొత్త సిస్టర్లకు అదే వరసలో నేర్పిస్తాను.

మందులు రాకముందు శానిటోరియం జీవితం ఎలా ఉండేదో మా పెద్ద నర్సులు చెప్పగా విన్నాను. నెలలూ సంవత్సరాలూ మంచం మీదే. రోజుకు ఇన్నిసార్లని జ్వరం చూసి చార్టులో గీత గీయడం. పాలు, గుడ్లు. గట్టిగా మాట్లాడకూడదు. కొందరికి ఊపిరితిత్తి చుట్టూ సూదితో గాలి ఎక్కించి, ఆ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసి విశ్రాంతి ఇచ్చేవారు. అది కుదరనివాళ్ళకు పక్కటెముకలు తీసేసే ఆపరేషన్. తల్లి చూడ్డానికి వస్తే పిల్లలు బయట చెట్టు కింద నిలబడేవారు. పెళ్ళి కావలసిన ఆడపిల్ల శానిటోరియంలో ఉందంటే, ఊళ్ళో మాత్రం చదువుకోవడానికి వెళ్ళిందని చెప్పేవారు. లంక నుంచి వచ్చిన ఆ తల్లి "ఊళ్ళో తెలీకుండా" అన్నది కొత్త మాట కాదు.

1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. అది చవకైన చిన్న మాత్ర. అప్పుడు ఒక ప్రశ్న పుట్టింది: ఇంత మంచి మాత్రలు ఉన్నాక రోగిని మహలులో పడుకోబెట్టాలా, ఇంట్లోనే ఉంచవచ్చా? మన దేశంలో అప్పుడు రోగులు లక్షల్లో ఉన్నారు, శానిటోరియం మంచాలు వేలల్లో ఉన్నాయి. జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో 193 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో ఏడాది పాటు ఉంది, మంచి తిండి, విశ్రాంతి, నర్సుల సేవ. రెండో జట్టు తమ ఇరుకు ఇళ్ళలోనే ఉండిపోయింది, తిండి అంతంతమాత్రం. రెండు జట్లకూ ఇచ్చిన మాత్రలు మాత్రం ఒకటే.

1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాది తిరిగేసరికి శానిటోరియంలో ఉన్నవారిలో 92 శాతం మందికీ, ఇంట్లో ఉన్నవారిలో 86 శాతం మందికీ వ్యాధి అణిగింది. ఐదేళ్ళ తర్వాత చూసినా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లోవాళ్ళకు కూడా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల జబ్బు ఎక్కువేమీ సోకలేదు. ఎందుకంటే వాళ్ళకు సోకేది చాలా వరకు మందు మొదలుపెట్టకముందే సోకిపోతుంది. మందు పడ్డాక రోగి నుంచి ఇతరులకు సోకే అవకాశం త్వరగా తగ్గిపోతుంది.

నర్సుగా నాకు ఆ పరిశోధనలో నచ్చిన సంగతి వేరే ఉంది. ఇంటి దగ్గర ఉన్న రోగులను వాళ్ళ మానాన వదిలేయలేదు. ఇళ్ళకు వెళ్ళారు, చెప్పకుండా వెళ్ళి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రం పరీక్ష చేసి మందు పడుతోందో లేదో చూశారు. ప్రపంచం మొత్తం టీబీ వైద్యం తీరు అక్కడి నుంచి మారింది. మన దేశంలో 1997లో డాట్స్ పద్ధతి పెద్ద ఎత్తున మొదలై 2006 నాటికి అన్ని జిల్లాలకూ వచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టి మాత్రలు మింగించడం అప్పటి నుంచే. 2017 నుంచి రోజూ వేసుకునే మాత్రల పద్ధతి నడుస్తోంది. సాధారణ టీబీకి ఆరు నెలలు.

అయితే గాలి, తిండి అనేవి పాతకాలపు చాదస్తమా అంటే, కాదు. 2007లో పెరూ దేశంలోని లిమా నగరంలో ఎనిమిది ఆసుపత్రుల గదులు కొలిచి చూశారు. తలుపులూ కిటికీలూ బార్లా తెరిస్తే గదిలో గాలి సగటున గంటకు 28 సార్లు మారుతోంది. 1950కి ముందు కట్టిన, ఎత్తు పైకప్పు, పెద్ద కిటికీలు ఉన్న గదుల్లో 40 సార్లు. ఆ తర్వాతి కొత్త కట్టడాల్లో 17. యంత్రాలతో గాలి ఆడించే గదుల్లో 12 మాత్రమే. అంటే నవాబుగారి పైకప్పు ఊరికే పోలేదు. గాలి రోగిని బాగు చేయదు. కానీ రోగి దగ్గినప్పుడు గదిలో చేరిన క్రిములను పలచన చేసి, పక్క మంచం మీద వాళ్ళనూ, మాత్ర తెచ్చి ఇచ్చే నర్సునూ కాపాడుతుంది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మన మండువా లోగిళ్ళు గుర్తొచ్చాయి. నడిమధ్య ఆకాశం, నాలుగు వైపులా వసారాలు, ఎదురెదురు గుమ్మాలు. మా తాతల కాలంలో లిమా లెక్కలు ఎవరికీ తెలియకపోయినా ఇంట్లో గాలి ఆడేది. ఇప్పుడు మనం తోటల మధ్య స్లాబు ఇల్లు కట్టి, అద్దాల కిటికీలు బిగించి, ఏసీ పెట్టి, ఒకే గదిలో ఐదుగురం పడుకుంటున్నాం. బయట కొబ్బరి తోట ఎంత పచ్చగా ఉన్నా మూసిన గదిలోకి దాని గాలి రాదు. లంక తల్లికి నేను మొదట చెప్పింది ఇదే.

తిండి మాట కూడా నిజమే. ఝార్ఖండ్‌లో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. టీబీ రోగి ఉన్న ఇళ్ళకు బియ్యం, పప్పు లాంటివి నెలనెలా ఇస్తే, ఆ ఇంట్లోని మిగతావాళ్ళకు టీబీ రావడం 39 శాతం తగ్గింది. శానిటోరియంలో పాలూ గుడ్లూ పెట్టినవాళ్ళు అమాయకులేం కాదు. ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. ఆ డబ్బు రోగి గుడ్లకూ పాలకూ ఖర్చు పెట్టాలి. ఇంటి బాకీలకు కాదు, ఇంటి పెద్దలు గమనించాలి.

మళ్ళీ ఎర్రగడ్డకు వస్తాను. మహలు ఊరి బయట ఉండిపోలేదు, ఊరే దాని దగ్గరికి వచ్చేసింది. సనత్‌నగర్ ఫ్యాక్టరీలు, ఈఎస్ఐ ఆసుపత్రి, కాలనీలు వచ్చాయి. 2017 నవంబరు నుంచి దాని ముందు మెట్రో రైలు పోతోంది. ఎకరం ధర వింటే గుండె ఆగే చోట 60 ఎకరాలకు పైబడిన ఆవరణ ఉంటే కళ్ళు పడకుండా ఉంటాయా? 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం సచివాలయాన్ని అక్కడికి మార్చాలనీ, ఛాతీ ఆసుపత్రిని అనంతగిరికి పంపాలనీ నిర్ణయించింది. వైద్యులు, సిబ్బంది, రోగులు ఒప్పుకోలేదు. వారసత్వ కట్టడాన్ని ముట్టుకోవద్దని మరికొందరన్నారు. చివరికి ఆ ఆలోచన విరమించుకున్నారు. ఆరు వందలకు పైగా పడకలున్న ఆసుపత్రిని కొండ మీదికి పంపితే, మాత్రల కోసం సిటీ బస్సు ఎక్కి వచ్చే కూలీ ఏమవుతాడు? 1959లో మద్రాసు చెప్పింది ఒకసారి చదివి ఉంటే ఆ ఆలోచన పుట్టేదే కాదని నా అభిప్రాయం. రోగి కొండకు పోవడం కాదు, మందు రోగి ఉన్న చోటికి రావాలి.

పెద్ద మహలు ఇర్రం మంజిల్‌కూ అలాంటి గండమే వచ్చింది. దాన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టడానికి 2019 జూన్ 27న శంకుస్థాపన చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఇర్రం నుమా మాత్రం పని మానలేదు. మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే నెలలో హైదరాబాదులో బయటపడినప్పుడు ఆ రోగిని ఉంచింది ఈ ఛాతీ ఆసుపత్రిలోనే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడూ మొదటి వరసలో నిలిచిన ఆసుపత్రుల్లో ఇది ఒకటి. ఊరి బయట విడిగా ఉన్న ఇల్లు కావడం వల్ల, ఎవరూ చేరదీయని జబ్బు వచ్చినప్పుడల్లా దాని వైపే చూశారు. 2022 ఏప్రిల్ 26న అదే ఆవరణలోని ఖాళీ స్థలంలో పెద్ద సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

ఈ కథ అంతా ఆ లంక తల్లికి ఓపీలో చెప్పలేదు లెండి, వెనకాల యాభై మంది ఉన్నారు. చెప్పింది కొంచెమే. అబ్బాయిని ఎక్కడికీ పంపక్కర్లేదు. మాత్రలు ఒక్క రోజు కూడా మానకూడదు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగు, రక్తం కాదు, భయపడి ఆపేయవద్దు. రెండో నెలకు దగ్గు తగ్గిపోయి ఒళ్ళు పుంజుకుంటుంది, అసలు ప్రమాదం అప్పుడే. బాగైపోయిందని ఆపితే క్రిమి ముదిరి మామూలు మాత్రలకు లొంగదు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాలి, జబ్బు లేనివాళ్ళకు రాకుండా మందు ఉంది. పడక వీధి వసారాలోకి మార్చాలి.

చివరి మాటకు ఆవిడ ముఖం మాడ్చుకుంది. వసారాలో పడుకుంటే ఊళ్ళో అడుగుతారు కదా. "అడిగితే టీబీ అని చెప్పు, మాత్రలు వేసుకుంటున్నాడని కూడా చెప్పు" అన్నాను. అబ్బాయి నా వైపు చూసి, "గల్ఫ్ వెళ్ళొచ్చాండి తర్వాత?" అని అడిగాడు. అబద్ధం చెప్పలేకపోయాను. జబ్బు తగ్గినా ఎక్స్‌రేలో పాత మచ్చ మిగిలితే అక్కడి నిబంధనలకు అది అడ్డం రావచ్చని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం, వీటిలో ఏది ఉన్నా మన ల్యాబ్‌కు గానీ, మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళ్ళి తెమడ ఇవ్వండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా మందులూ ఉచితం. గల్ఫ్ ఏజెంటు పంపిన ఎక్స్‌రేలో తెలిసేదాకా ఆగవద్దు.

ఆ అబ్బాయి పోయిన శుక్రవారం వచ్చాడు. బరువు చూస్తే నాలుగు కిలోలు పెరిగాడు. ఇంకా రెండు నెలల మాత్రలు ఉన్నాయి. చెల్లెలికీ నాన్నకీ పరీక్షలు అయ్యాయి, ఇద్దరికీ ఏమీ లేదు. అమ్మ రాలేదేం అని అడిగితే, ఇంటి దగ్గర కొబ్బరి దింపు ఉందట, నాకోసం అరటిపళ్ళు పంపింది. "వసారాలోనే పడుకుంటున్నావా?" అన్నాను. "ఆయ్, నేనే కాదండి, ఉక్కపోతకి ఇప్పుడు మా నాన్న కూడా అక్కడే పడుకుంటున్నాడు" అన్నాడు.